మంచు ప్రాంతాల్లో త్వరగా పెరిగే అందమైన చెట్టు: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

అమెరికా ఉత్తరాదిన కొత్త కాలనీలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకి మొదటి వేసవిలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. బిల్డర్ ముందువైపు నాటి వెళ్లిన ఒక్క సన్నని మొక్క తప్ప ఎక్కడా నీడ ఉండదు. బ్యాక్‌యార్డ్‌లో నిలబడితే చుట్టుపక్కల నాలుగిళ్ల వంటగదులు కనిపిస్తుంటాయి. త్వరగా పెరిగే చెట్టు కోసం వెతుకులాట అక్కడ మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఏడాదికి పది అడుగులు పెరుగుతుందనే ప్రకటనలు వస్తాయి, నర్సరీకి వెళ్తే నలభై రకాలు వరసగా నిలబెట్టి ఉంటాయి.

ఈ వ్యాసం మినియాపోలిస్, షికాగో, డిట్రాయిట్, మిల్వాకీ లాంటి చోట్ల పావు ఎకరం, అర ఎకరం స్థలంలో ఇల్లున్నవాళ్ల కోసం. ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఎంపికలో వేగాన్ని చివరన చూడాలి. చలి, నేల, కొమ్మ బలం, స్థలం అనే నాలుగు జల్లెళ్లలోంచి ఏ చెట్లు దాటివస్తాయో చూసుకుని, మిగిలినవాటిలో వేగంగా పెరిగేదాన్ని ఎంచుకోవాలి. ఈ వరస తిరగేసినవాళ్లే పదేళ్ల తర్వాత చెట్టు కొట్టేవాళ్లకి ఫోన్ చేస్తుంటారు.

## ముందు చూసుకోవాల్సినవి

చలి. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని చలిని బట్టి జోన్లుగా విడదీసింది. వాళ్ల సైట్‌లో జిప్ కోడ్ కొడితే మీ జోన్ వస్తుంది. ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున ఎంతకి దిగుతుందన్నదే ఈ లెక్క. 4వ జోన్ అంటే మైనస్ 30 నుంచి మైనస్ 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (సెల్సియస్‌లో సుమారు మైనస్ 34 నుంచి మైనస్ 29). 5వ జోన్ మైనస్ 20 నుంచి మైనస్ 10, 6వ జోన్ మైనస్ 10 నుంచి సున్నా. పటాన్ని 2023లో సవరించారు, పాత పుస్తకాల్లో ఉన్న జోన్ మీద ఆధారపడకండి. కెనడాలో ఉన్నవాళ్లు కెనడా పటమే చూడాలి. అక్కడ లెక్కగట్టే పద్ధతి వేరు, అంకెలు ఒకటే కనిపించినా అర్థం అచ్చంగా ఒకటి కాదు.

ఇందులో "సగటున" అన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. షికాగో నగరంలో ఎక్కువ భాగం 6వ జోన్‌లో ఉంది. పటం ప్రకారం మైనస్ 10కి అటూ ఇటూ ఆగాలి. 2019 జనవరి 30న అక్కడి ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 నమోదైంది. అదే రోజు మినియాపోలిస్‌లో మైనస్ 28. ముప్పై నలభై ఏళ్లు బతకాల్సిన చెట్టుకి అలాంటి రాత్రి ఒకటైనా ఎదురవుతుంది. కాబట్టి మీ జోన్ కంటే ఒక మెట్టు చల్లని జోన్‌ని తట్టుకునే చెట్టే కొనండి. మీది 5 అయితే 4ని తట్టుకునేది, 6 అయితే 5ని తట్టుకునేది.

నేల. కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేముందు పైమట్టి గీకేస్తారు. బుల్డోజర్లు తిరిగి గట్టిపడ్డ బంకమట్టి మీద రెండు మూడంగుళాల మట్టి పరిచి పచ్చిక చాపలు వేస్తారు. పైకి పచ్చగానే ఉంటుంది, పార దించితే అంగుళం దిగదు. షికాగో చుట్టుపక్కల నేల చాలాచోట్ల క్షారగుణంతో ఉంటుంది. నేల ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె పీహెచ్. అది 7 దాటితే నేలలో ఇనుము, మాంగనీస్ ఉన్నా కొన్ని చెట్ల వేళ్లు వాటిని తీసుకోలేవు. ఆకు పచ్చబడకుండా ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మిగతాదంతా పసుపుగా మిగులుతుంది. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయ ఎక్స్‌టెన్షన్ విభాగాన్ని అడిగితే నేల పరీక్ష ఎక్కడ చేయించాలో చెబుతారు. దానికయ్యేది కొద్ది ఖర్చే. చెట్టు కొనకముందు చేయాల్సిన పని ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

నీరు ఇంకడం కూడా చూడండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే ఆ చోటు చాలా చెట్లకి పనికిరాదు.

కొమ్మ బలం. త్వరగా పెరిగే చెట్లలో చాలావాటి కలప తేలిగ్గా, పెళుసుగా ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం పంగ దగ్గర ఉంటుంది. రెండు కొమ్మలు ఇరుకుగా, దాదాపు సమాంతరంగా లేస్తే మధ్యలో బెరడు ఇరుక్కుంటుంది. అక్కడ కలపకి కలప అతుక్కోదు, చూడ్డానికి మాత్రం ఒకటిగానే ఉంటుంది. మంచువాన కురిసి కొమ్మల మీద గాజులా పేరుకున్న రోజున ఆ బరువుకి పంగ నిలువునా చీలి, చెట్టు సగం కూలిపోతుంది. నర్సరీలో చూసేటప్పుడు పంగ విశాలంగా తెరుచుకుని ఉందా, నడి కాండం ఒక్కటేనా అని ముందు చూడండి. ఆకుల సంగతి తర్వాత.

స్థలం, అనుమతులు. మొక్క దగ్గర కాదు, నలభై ఏళ్ల చెట్టు దగ్గర నిలబడి ఆలోచించండి. నలభై అడుగుల వెడల్పయ్యే చెట్టుకి గోడ నుంచి కనీసం ఇరవై అడుగులు కావాలి. తలపైన కరెంటు తీగలుంటే ఇరవై ఐదడుగులు దాటనివే నాటాలి. సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్యనున్న పచ్చిక పట్టీ సాధారణంగా నగరపాలక సంస్థ అజమాయిషీలో ఉంటుంది, అక్కడ నాటాలంటే వాళ్ల అనుమతి తీసుకోవాలి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీలో వాళ్ల జాబితా చూడండి. తవ్వడానికి కొద్ది రోజుల ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాసు, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా రంగు వేసి గుర్తులు పెడతారు. అది చేయకుండా పార ఎత్తకండి.

## ఒక్క చూపులో

| చెట్టు | తట్టుకునే జోన్ | ఏడాదికి పెరుగుదల | పూర్తి ఎత్తు, వెడల్పు (అడుగులు) | మేలు | లోపం |
|---|---|---|---|---|---|
| ముళ్లులేని హనీలోకస్ట్ | 4 | 2 అడుగుల దాకా | 45, 35 | కింద గడ్డి బతుకుతుంది, రోడ్డు ఉప్పుకి ఓర్చుకుంటుంది | ఇప్పటికే చాలా వీధుల్లో ఉంది |
| అకోలేడ్ ఎల్మ్ | 4 | 2 నుంచి 3 | 60, 40 | క్షార నేలనీ బంకమట్టినీ తట్టుకుంటుంది | చిన్నప్పుడు కత్తిరింపు తప్పదు |
| ఫ్రీమన్ మేపుల్ | 3 లేదా 4 | 2 నుంచి 3 | 50, 40 | ఫాల్‌లో ఎరుపు | పంగలు చీలతాయి, క్షార నేలలో పసుపు |
| రివర్ బర్చ్ | 4 | 1.5 నుంచి 3 | 50, 40 | ఏడాదంతా అందమైన బెరడు | ఆమ్ల నేల కావాలి |
| నయోబి వీపింగ్ విల్లో | 4 | 3, అంతకు మించి | 50, 50 | అన్నిటికంటే వేగం | వేళ్లు, విరిగే కొమ్మలు |
| స్వీడిష్ ఆస్పెన్ | 2 | 2 నుంచి 3 | 40, 10 | ఇరుకు చోట తెర | పిలకలు, తెగుళ్లు |
| నార్తర్న్ కెటాల్పా | 4 | సుమారు 2 | 50, 30 | జూన్‌లో పెద్ద తెల్లపూల గుత్తులు | కాయలు, పూలు రాలి చెత్త |
| క్రాబ్ ఆపిల్ | 4 | 1 నుంచి 1.5 | 20, 20 | చిన్నప్పుడే పూస్తుంది | నీడ తక్కువ |
| గ్రీన్ జయంట్ ఆర్బర్‌వైటీ | 5 | 3 దాకా | 40కి పైన, 15 | చలికాలంలోనూ పచ్చగా | 4వ జోన్‌లో నమ్మలేం |

ఈ పెరుగుదల అంకెలన్నీ వేరు పట్టిన తర్వాతి మాట. నాటిన మొదటి ఏడాది రెండేళ్లు ఏ చెట్టూ పెద్దగా కదలదు.

## ఒక్కోటి వివరంగా

ముళ్లులేని హనీలోకస్ట్. అడవిలో పెరిగే హనీలోకస్ట్‌కి వేలెడంత ముళ్లుంటాయి. నర్సరీల్లో అమ్మేది ముళ్లు లేని రకం. ఆకు అచ్చం చింతాకులా చిన్న చిన్న రేకులతో ఉంటుంది. అందువల్ల రెండు లాభాలు. కింద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది కాబట్టి లాన్ చావదు. ఫాల్‌లో రాలిన రేకులు గడ్డిలో కలిసిపోతాయి, బస్తాలకెత్తే పని చాలావరకు తప్పుతుంది. బంకమట్టికీ, క్షార నేలకీ, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకీ ఓర్చుకుంటుంది. డ్రైవ్‌వే పక్కన చెట్టు కావాలంటే ముందు దీన్నే చూడండి. స్కైలైన్, షేడ్‌మాస్టర్ అనే రకాలు 4వ జోన్‌కి సరిపోతాయి. ఇంకా చలి ఉన్నచోట నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ వదిలిన నార్తర్న్ అక్లెయిమ్ నయం. స్ప్రింగ్‌లో ఆలస్యంగా చిగురిస్తుంది, పొరుగువాళ్ల మేపుల్స్ పచ్చబడినా ఇది మోడులా ఉంటే చచ్చిపోయిందని కంగారుపడకండి. చిక్కల్లా ఎక్కువమంది దీన్నే నాటేయడం. మీ వీధిలో ఇప్పటికే పదిళ్ల ముందు ఇదే ఉంటే వేరేది నాటండి. కారణం తర్వాతి చెట్టు దగ్గర ఉంది.

అకోలేడ్ ఎల్మ్. ఒకప్పుడు అమెరికా వీధుల రెండువైపులా ఎల్మ్ చెట్లే పందిరిలా కలిసేవి. 1930లో ఒహాయోలో కనిపించిన డచ్ ఎల్మ్ తెగులు దశాబ్దాల్లో వాటిని ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టింది. ఆ ఖాళీల్లో చాలాచోట్ల ఆష్ చెట్లు నాటారు. 2002లో డిట్రాయిట్ దగ్గర ఎమరాల్డ్ ఆష్ బోరర్ పురుగు బయటపడింది, ఇప్పుడు ఆష్ వంతు నడుస్తోంది. వీధంతా ఒకే జాతి నాటితే ఒకే పురుగు వీధంతా ఖాళీ చేస్తుంది. అందుకే పక్కింట్లో లేనిదాన్ని నాటమని చెప్పడం.

అకోలేడ్ ఆసియా ఎల్మ్‌ల నుంచి వచ్చిన రకం, డచ్ ఎల్మ్ తెగులుని బాగా తట్టుకుంటుంది. ఇది వచ్చింది షికాగో పక్కన లైల్‌లోని మోర్టన్ ఆర్బొరెటమ్ నుంచి. నేపర్‌విల్, అరోరా తెలుగువాళ్లకి అది పక్క ఊరే. బాలాజీ గుడికి వెళ్లిన రోజున వీలు చూసుకుని అక్కడా ఆగితే పూర్తిగా పెరిగిన చెట్లని కళ్లారా చూసి నిర్ణయించుకోవచ్చు. నర్సరీ ట్యాగు మీది బొమ్మ కంటే అది ఎంతో నయం. పైకి లేచి కలశంలా విచ్చుకునే ఆకారం, నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకు, ఫాల్‌లో పసుపు. ఎరుపు కోరుకునేవాళ్లకి మాత్రం నిరాశే. చిన్న వయసులో కొమ్మలు అడ్డదిడ్డంగా వేస్తుంది, మొదటి పదేళ్లలో మూడు నాలుగుసార్లు కత్తిరింపు అవసరం. మంచి నీడ, గట్టి చెట్టు, బంకమట్టి నేల, ఈ మూడూ కలిసినచోట దీనికే మొదటి ఓటు.

ఫ్రీమన్ మేపుల్. ఆటమ్ బ్లేజ్ పేరుతో అందరికీ తెలిసింది ఇదే. రెడ్ మేపుల్‌నీ సిల్వర్ మేపుల్‌నీ కలిపిన సంకరం. రంగు రెడ్ మేపుల్‌ది, వేగం సిల్వర్ మేపుల్‌ది. అక్టోబర్‌లో ఇంటి ముందు నిప్పులా వెలుగుతుంది, కొనేవాళ్లని పడేసేది ఆ రంగే. సిల్వర్ మేపుల్ బలహీనత కూడా కొంత దీనికి వచ్చింది. పంగలు ఇరుకు, ఒకే చోటినుంచి ఐదారు కొమ్మలు లేస్తాయి. చిన్నప్పుడు సరిదిద్దకపోతే పదిహేను ఇరవై ఏళ్లకి ఏదో గాలివానలో చీలుతుంది. పీహెచ్ 7 దాటిన నేలలో మాంగనీస్ అందక జూన్ నాటికే ఆకు పాలిపోతుంది, మూడు నాలుగేళ్లలో పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది. ఎరువు వేసి పచ్చబరచవచ్చని చాలామంది లాన్ ఎరువు గుమ్మరిస్తారు. నైట్రోజన్ దీనికి మందు కాదు, అది పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. రోడ్డు ఉప్పు కూడా దీనికి పడదు.

మీ నేల పీహెచ్ 6.5 లోపు ఉండి, ఆ ఎరుపే కావాలనుకుంటే నిస్సంకోచంగా నాటండి. అప్పుడు కూడా కొమ్మ బలంలో ఆటమ్ బ్లేజ్ కంటే సియెన్నా గ్లెన్, సెలబ్రేషన్ రకాలు మేలు, ఎరుపు మాత్రం అంత గాఢంగా రాదు. నడి కాండం నిటారుగా, కొమ్మలు కాస్త మెరుగ్గా వస్తాయి. కొనేది ఏ రకమైనా కొమ్మకొమ్మకీ మధ్య ఎడం ఉన్న మొక్కనే ఎంచుకోండి.

రివర్ బర్చ్. మామూలు తెల్ల బర్చ్‌లని బ్రాంజ్ బర్చ్ బోరర్ అనే పురుగు పైనుంచి కిందికి ఎండబెట్టేస్తుంది. రివర్ బర్చ్ దాన్ని తట్టుకుంటుంది. హెరిటేజ్ రకంలో బెరడు గోధుమ, లేత గులాబీ, మీగడ రంగుల్లో పొరలు పొరలుగా ఊడుతుంటుంది. ఐదు నెలలు ఆకు లేని ప్రాంతంలో ఆ బెరడే అందం. తేమ నిలిచే పల్లపు చోట్లు దీనికి ఇష్టం. స్థలం వెనక వాననీటి కాలవ పోయేవాళ్లు విల్లో వైపు పరుగెత్తకుండా దీన్ని చూడాలి.

షరతు ఒక్కటే, పీహెచ్ 6.5 దాటకూడదు. దాటితే ఇనుము అందక ఆకు పసుపెక్కుతుంది. గంధకం చల్లి నేలని ఆమ్లంగా మార్చవచ్చని చదివి ఉంటారు. ఇసుక నేలలో కొంత సాధ్యమే. సున్నం నిండిన బంకమట్టిలో ఏటేటా చల్లుతూనే ఉండాలి, చెట్టు వేళ్లు నలభై అడుగులు పాకాక ఆ పని ఎవరి వల్లా కాదు. నేలని చెట్టుకి సరిపెట్టే కంటే నేలకి సరిపడే చెట్టు తెచ్చుకోవడం తేలిక. ఇంకో సంగతి, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఇది జులైలోనే పసుపాకులు రాలుస్తుంది, సన్న పుల్లలు ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి. శుభ్రమైన లాన్ మీద మనసున్నవాళ్లు విసుక్కుంటారు.

వీపింగ్ విల్లో. వేగంలో దీనికి సాటి లేదు, చెరువు ఒడ్డున అందంలోనూ లేదు. పావు ఎకరం స్థలంలో మాత్రం వద్దనే చెప్పాలి. వేళ్లు నీటి జాడ పట్టి పాత మట్టిగొట్టాల సీవర్ లైన్లలోకి, చిన్న పగులున్నా దూరతాయి. ఇంటికీ, గొట్టాలకీ కనీసం యాభై అడుగుల దూరం లేకపోతే ఆలోచన మానుకోండి. ప్రతి గాలికీ కొమ్మలు రాలుతాయి, ముప్పై ఏళ్లకే ముసలిదవుతుంది. ఎకరం స్థలం, వెనక సొంత చెరువు ఉన్నవాళ్లు నయోబి గానీ, ప్రెయిరీ కాస్కేడ్ గానీ ఆనందంగా నాటుకోవచ్చు.

స్వీడిష్ ఆస్పెన్. పదడుగుల వెడల్పులో నలభై అడుగులు లేచే సన్నని చెట్టు. రెండిళ్ల మధ్య ఇరుకు సందులో పక్కింటి మేడ కిటికీని త్వరగా కప్పాలంటే ఇది గుర్తొస్తుంది. గాలికి ఆకుల గలగల వినసొంపుగా ఉంటుంది. అయితే వేళ్ల నుంచి లాన్‌లో పిలకలు లేస్తాయి, కాండానికి కుళ్లు తెగుళ్లు, ఆకుకి బ్రాంజ్ లీఫ్ తెగులు వస్తాయి. వరసగా ఎనిమిది నాటితే నడుమ ఒకటి రెండు చచ్చి పళ్లూడినట్టు కనిపించే ప్రమాదం ఉంది. పదిహేను ఇరవై ఏళ్ల తెర అనుకుని నాటాలి, అంతకు మించి ఆశించకండి.

గ్రీన్ జయంట్ ఆర్బర్‌వైటీ. తెర చలికాలంలోనూ ఉండాలంటే సతతహరితమే కావాలి. 6వ జోన్‌లో ఉన్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, 5వ జోన్‌లోనైతే పైన చెప్పిన ఒక మెట్టు భద్రత ఉండదని తెలిసే నాటాలి. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు నాలుగడుగులకొకటి నాటేయడం. వెడల్పు పదిహేనడుగులు అవుతుంది కాబట్టి కనీసం ఎనిమిది అడుగుల ఎడం ఇవ్వండి. ఫిబ్రవరిలో ఎండా గాలీ ఆకులోని నీటిని లాగేస్తాయి, గడ్డకట్టిన నేలలోంచి వేళ్లు తిరిగి నీరివ్వలేవు. పడమటి వైపు ఆకు గోధుమరంగుకి మాడటానికి అదీ కారణం. మొదటి రెండు చలికాలాలు గాలివైపు గోనెపట్టా తెర కడితే చాలావరకు గట్టెక్కుతుంది. 4వ జోన్‌లో వేగం తక్కువైనా టెక్నీ ఆర్బర్‌వైటీనే నాటుకోవాలి.

పూలు కావాలంటే. కెటాల్పా పెద్ద ఆకులతో, జూన్‌లో తెల్లని పూలగుత్తులతో నిండుగా ఉంటుంది. మొండి చెట్టు, ఏ నేలైనా సరే. పూలు రాలి, తర్వాత అడుగు పొడవు కాయలు రాలి చెత్త చేస్తుంది కాబట్టి కారు పార్క్ చేసే చోటికి దూరంగా నాటండి. స్థలం చిన్నదైతే క్రాబ్ ఆపిల్. వేగం మామూలే అయినా నాటిన రెండు మూడేళ్లకే కొమ్మ నిండా పూస్తుంది. ప్రెయిరీఫైర్ రకం ఆకుమచ్చ తెగులుని బాగా తట్టుకుంటుంది. స్ప్రింగ్ స్నో కాయలు కాయదు, శుభ్రంగా ఉంటుంది గానీ ఆ తెగులుకి త్వరగా లొంగిపోతుంది.

## ప్రకటనలు చూసి కొనకూడనివి

పౌలోనియా. ఏడాదికి పది పదిహేనడుగులు, ఊదారంగు పూలు అని ఆన్‌లైన్‌లో అమ్మేది ఇదే. వెచ్చని చోట ఆ మాట నిజమే. దీని పూమొగ్గలు ముందు ఏడాది ఫాల్‌లోనే ఏర్పడి చలికాలమంతా కొమ్మ మీద బయటే ఉంటాయి. 5వ జోన్ చలికి మొగ్గలు మాడిపోతాయి, చాలాసార్లు కాండం కూడా నేల దాకా చస్తుంది. మే నెలలో వేరు నుంచి మళ్లీ ఎనిమిది పదడుగుల బోలు కాడ లేస్తుంది, చలికాలానికి అదీ పోతుంది. వేగం ఉంటుంది, చెట్టు ఉండదు, పువ్వు అసలే ఉండదు. వెచ్చగా ఉన్నచోట లక్షల విత్తనాలు గాలికి చల్లి అడవుల్లోకి పాకుతుంది కాబట్టి చాలా రాష్ట్రాలు దీన్ని దురాక్రమణ మొక్కల జాబితాలో పెట్టాయి.

మిమోసా లేదా పర్షియన్ సిల్క్ ట్రీ. గులాబీ కుచ్చుల పూలు చూస్తే ఊళ్లో రోడ్డు పక్కనుండే నిద్రగన్నేరు గుర్తొచ్చి మనవాళ్లు ఆశపడతారు. 6వ జోన్‌లోనే దీని బతుకు అటో ఇటో, 5లో ఆశే వద్దు. బతికినా విల్ట్ అనే వడలు తెగులు కొన్నేళ్లకే చంపుతుంది.

బ్రాడ్‌ఫోర్డ్ పేర్. తెల్లపూల కోసం ఒకప్పుడు విపరీతంగా నాటారు. పంగలన్నీ ఒకే చోట కలవడంతో ఇరవై ఏళ్లలోపే చీలుతుంది, పక్షుల ద్వారా పొలాల్లోకి పాకి ముళ్లపొదలవుతుంది. ఒహాయో 2023 జనవరి నుంచి అమ్మకం నిషేధించింది, తర్వాత పెన్సిల్వేనియా, సౌత్ కరొలినా అదే దారి పట్టాయి. పేరు మారినా, క్లీవ్‌లండ్ సెలెక్ట్ అన్నా, చాంటిక్లీర్ అన్నా అదే జాతి.

ఆష్. ఏ రకమైనా వద్దు. కారణం పైన చెప్పిందే.

## ఎవరికి ఏది

నేల పరీక్షలో పీహెచ్ 7 పైన వచ్చి, బంకమట్టి ఉన్న పావు ఎకరం ఇంటికి: వెనక అకోలేడ్ ఎల్మ్, డ్రైవ్‌వే వైపు హనీలోకస్ట్. పీహెచ్ 6.5 లోపు వస్తే చేతికి ఎక్కువ దారులున్నట్టే, పల్లంలో రివర్ బర్చ్, ముందువైపు ఫ్రీమన్ మేపుల్ పెట్టొచ్చు.

నాలుగైదేళ్లలో ఇల్లు అమ్మి వెళ్లిపోతామనుకునేవాళ్లు వేగం కోసం వెతకడం దండగ. ఐదేళ్లలో ఏ చెట్టూ నీడనివ్వదు. వాళ్లకి క్రాబ్ ఆపిలే సరి, మూడో స్ప్రింగ్‌కే ఇంటి ముందు పూలుంటాయి. పిల్లలు ఆడుకునే చోట, ఉయ్యాల కట్టే ఆశ ఉన్నచోట విల్లో, మేపుల్ కాకుండా ఎల్మ్ మంచిది. టౌన్‌హోమ్‌లో పదిహేనడుగుల వెనకస్థలం మాత్రమే ఉంటే ఈ పట్టికలో చాలావాటిని మరిచిపోవాలి. క్రాబ్ ఆపిల్ లేదా ఒక్క స్వీడిష్ ఆస్పెన్, అంతే.

కళ్లెదుట పెద్ద చెట్టు కావాలని మూడంగుళాల లావు కాండం ఉన్నదాన్ని లారీలో తెప్పించుకునేవాళ్లు ఒక లెక్క చూడాలి. కాండం అంగుళం లావుకి వేరు నిలదొక్కుకోవడానికి సుమారు ఏడాదిన్నర పడుతుంది. అంగుళం మొక్క ఏడాదిన్నరలో కోలుకుని పరుగు మొదలుపెడుతుంది, మూడంగుళాలది నాలుగున్నరేళ్లు అలాగే నిలబడుతుంది. చిన్న మొక్క ధరలో తక్కువ, బతకడంలో ఎక్కువ, కొన్నేళ్లలో పెద్దదాన్ని అందుకుంటుంది కూడా. ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాలది ఎంచుకోండి.

## నాటడం: ఎక్కువ చెట్లు ఇక్కడే పోతాయి

నేల కరిగినప్పటి నుంచి జూన్ మొదటి వారం దాకా ఒక అదును, ఆగస్టు నడిమి నుంచి అక్టోబర్ నడిమి దాకా ఇంకొకటి. బర్చ్ స్ప్రింగ్‌లో నాటడమే మంచిది.

కుండీలోంచి తీసిన మొక్క మీద మట్టిని వేళ్లతో గీరుతూ కిందికి వెళ్లండి. కాండం అడుగున వెడల్పై మొదటి పెద్ద వేరు విడిపోయే చోటు కనిపించేదాకా ఆగొద్దు. చాలా కుండీల్లో అది మూడు నాలుగంగుళాల లోతున కప్పబడి ఉంటుంది. ఆ చోటు నేలమట్టానికి సమంగా రావాలి. లోతుగా పాతితే బెరడు కుళ్లుతుంది, వేళ్లు గాలి కోసం పైకి తిరిగి కాండాన్నే చుట్టుకుని పదేళ్ల తర్వాత గొంతు బిగిస్తాయి. అప్పుడు చెట్టు ఎందుకు ఎండిందో ఎవరికీ తెలియదు.

కుండీ గోడ వెంట గుండ్రంగా తిరిగిన వేళ్లని విప్పడానికి ప్రయత్నించకుండా చుట్టూ ఒక అంగుళం మందాన రంపంతో కోసేయండి. గోనెలో కట్టి వచ్చిన మొక్కకైతే గుంటలో నిలబెట్టాక తాడు, తీగబుట్ట, గోనె వీలైనంత మేర కత్తిరించి తీసేయాలి. గుంట లోతు మట్టిగడ్డ ఎత్తుకి మించకూడదు, వెడల్పు రెండు మూడింతలు ఉండాలి. బంకమట్టిలో పార తగిలి నున్నగా మెరిసే గుంట గోడల్ని గీరి గరుకు చేయండి. తీసిన మట్టే తిరిగి పోయండి. సంచుల కొద్దీ కంపోస్టు గుంటలో నింపితే వేళ్లు ఆ మెత్తని గుంట దాటి బయటికి పోవు.

పాదు చేసి, చెక్కపొట్టు మూడంగుళాల మందాన, మూడడుగుల మేర పరచండి. కాండానికి ఆనకూడదు. వీధుల్లో కాండం చుట్టూ గుట్టగా పోసి కనిపించేది తప్పు పద్ధతి. దాని కింద ఎలుకలు బెరడు కొరుకుతాయి.

నీళ్లకి కొలత ఉంది. నేలకి ఆరంగుళాల పైన కాండం లావు కొలవండి. అంగుళానికి ఒకటి నుంచి ఒకటిన్నర గ్యాలన్లు, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు లీటర్లు ఒక తడికి. మొదటి రెండు వారాలు రోజూ, పన్నెండో వారం దాకా రెండు మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి నేల గడ్డకట్టేదాకా. బంకమట్టిలో ముందు వేలు దించి చూడండి, లోపల తడి ఉంటే ఆ రోజు వద్దు. లాన్ స్ప్రింక్లర్ తడి గడ్డికి సరిపోతుంది, చెట్టు వేళ్లకి అందదు.

జులై తర్వాత ఎరువు వేయకండి. రోజులు కురచయ్యేకొద్దీ చెట్టు పెరగడం ఆపి కొమ్మని ముదురుస్తుంది, కణాల్లోంచి నీటిని బయటికి పంపుకుని గడ్డకట్టే చలిని తట్టుకోవడానికి సిద్ధపడుతుంది. ఆ సమయంలో నైట్రోజన్ అందితే కొత్త లేతకొమ్మ వేస్తుంది, మొదటి గట్టి మంచుకే అది నల్లబడుతుంది.

నవంబర్‌లో రెండు పనులు. ఒకటి, మేపుల్, హనీలోకస్ట్, క్రాబ్ ఆపిల్ లాంటి పలచని బెరడు చెట్ల కాండానికి తెల్లని చుట్టుపట్టీ కింది నుంచి మొదటి కొమ్మ దాకా చుట్టండి. ఫిబ్రవరి మధ్యాహ్నం నైరుతి ఎండ బెరడుని వెచ్చబెడుతుంది, లోపలి కణాలు మేలుకుంటాయి, సూర్యుడు దిగగానే చలికి ఒక్కసారిగా చస్తాయి. స్ప్రింగ్‌లో ఆ వైపే నిలువు చీలిక కనిపిస్తుంది. ఏప్రిల్‌లో పట్టీ తప్పక విప్పాలి, లేకపోతే లోపల తడి, పురుగులు చేరతాయి. రెండు, కుందేళ్ల కోసం పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ కాండానికి రెండు మూడంగుళాల దూరంలో గొట్టంలా కట్టండి. ఎత్తు మీ ఊళ్లో పేరుకునే మంచు కంటే రెండడుగులు ఎక్కువ ఉండాలి. కుందేలు మంచు మీద నిలబడి పైబెరడు కొరుకుతుంది, ఇది మరిచినవాళ్ల క్రాబ్ ఆపిల్ మార్చి నాటికి చుట్టూతా ఒలిచేసి ఉంటుంది.

కత్తిరింపు మూడో ఏడాది నుంచి, రెండు మూడేళ్లకోసారి, ఆకులేని ఫిబ్రవరి, మార్చిలో చేయండి. నడి కాండంతో పోటీపడే కొమ్మని ముందు తీయాలి. ఒక్కసారిలో పావు వంతు ఆకుకొమ్మకి మించి తీయకూడదు. మేపుల్, బర్చ్ కోసిన చోట నీరు కారుతుంది, దానివల్ల చెట్టుకి హాని లేదు, రంగులు పూయనక్కర్లేదు. ఎల్మ్‌ని మాత్రం ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ముట్టుకోకండి. డచ్ ఎల్మ్ తెగులు మోసుకొచ్చే బెరడు పురుగు పచ్చిగాయం వాసనకే వస్తుంది. గాలికి విరిగిన కొమ్మని ఆ నెలల్లో తప్పక తీయాల్సివస్తే, ఆ ఒక్క గాయానికి అదే నిమిషంలో పెయింట్ పూయండి.